క్రేన్ కింద నిలబడ్డ శ్రీరంగప్ప

అమ్మల్లారా, అయ్యల్లారా, అత్తిముగం నుంచి వచ్చిన బంధువులారా, నాతో షిఫ్టులో నిలబడే తోటి కార్మికులారా! మన సూపర్‌వైజర్ శ్రీరంగప్ప పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. కంపెనీ పెద్దలు కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. వారికి దండం. ఎందుకు వచ్చారో మాత్రం నాకింకా తెలియలేదు.

నిజం చెబుతాను. మొదట్లో నేను శ్రీరంగప్పనూ నమ్మలేదు. "కష్టమేమన్నా ఉంటే చెప్పమ్మా రేణూ" అనేవాడు. ఎందుకడుగుతున్నాడు? ఎవరికి చేరవేస్తాడు? అంతకు ముందున్న సూపర్‌వైజర్‌తో నోరు విప్పినవాళ్లు వారం తిరగకుండా గేటు బయట ఉన్నారు. అందుకే పని నచ్చకపోతే మేం చెప్పేవాళ్లం కాదు. చేతులు నెమ్మదిగా ఆడించేవాళ్లం. లేదంటే బెంగళూరు బస్సెక్కి వేరే పని వెతుక్కునేవాళ్లం.

ఒకరోజు, ఇనుప అచ్చులు ఎత్తే క్రేన్ కొక్కెం అరిగిపోయిందని మా షిఫ్టులోని లోహిత్ పని ఆపేశాడు. మేనేజరు అరుస్తూ వచ్చాడు. శ్రీరంగప్ప అడ్డం నిలబడి, "నేనే ఆపమన్నాను సార్. ఏమన్నా అంటే నన్ననండి" అన్నాడు. అబద్ధం! ఆయన ఆపమనలేదు. ఆ అబద్ధం విన్నాకే ఆయన్ను నమ్మాను. ఆ తర్వాత రెండేళ్లు, ఏ కష్టమొచ్చినా ఆయనతోనే చెప్పుకున్నాం. ఒక్కరూ పని వదిలి పోలేదు.

తర్వాత ఆయన్ను స్టోర్‌కు మార్చారు. ప్రమోషన్ అన్నారు. నమ్మమంటారా? కొత్తాయన వచ్చిన మూడు నెలల్లో తొమ్మిది మంది వెళ్లిపోయారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఎవరికి చెప్పాలి?

కొక్కెం మళ్లీ అరిగింది. అందరం చూశాం. కొత్తాయనతో అనే ధైర్యం లేక, నేను స్టోర్‌కు వెళ్లి శ్రీరంగప్ప చెవిన వేశాను. ఆయన నా కళ్లెదుటే క్రేన్ ఆపమని కాగితం రాసి, ఆఫీసులో ఇచ్చాడు. మధ్యాహ్నమైనా క్రేన్ ఆగలేదు. తానే పరుగెత్తుకొచ్చి, "ఈడ ఎవరూ నిలబడొద్దప్పా, జరగండి!" అని కింద ఉన్నవాళ్లను నెట్టేశాడు. కొక్కెం విరిగి, ఇనుప అచ్చు ఆయన మీద పడింది.

అనుమతి లేకుండా అక్కడికి వెళ్లాడంటున్నారు. కాగితమేదీ అందలేదంటున్నారు. మరి నేను చూసిందేమిటి? ఆ కాగితం ఎవరి చేతుల్లోకి పోయింది?

ఇదే అడుగుతూ కంపెనీకి ఉత్తరం రాసి, కింద నా పేరు పెట్టాను. తలుపు దగ్గర ఉంటుంది. సంతకం చేసేవాళ్లు చేయండి. నన్ను అనుమానించేవాళ్లను తప్పుపట్టను. నేనూ అలాగే బతికాను.

ఇప్పుడు శ్రీరంగప్ప కోసం లేచి నిలబడదాం. రెండు నిమిషాలు మౌనంగా. ముందు వరుసలో ఉన్నవారు కూడా.