బీరువాలో కుందేలు

హలో… ఆ, నేనే, అమ్మనే. ఆఫీసు వేళలో ఫోన్ చేశావేంటి? యాక్సిడెంటా? …కాదా? మరి ఆ గొంతేంటి అలా ఉంది?

…ఏం పోయింది? …నీ కుందేలు సినిమానా? గీసిన బొమ్మలన్నీనా? సాయంత్రం పోటీకి పంపాల్సింది అదేగా!

…నెమ్మదిగా చెప్పు. అక్కడ కూర్చుని మనింట్లో కంప్యూటర్‌లోవి ఎలా తుడిచావే? …ఆఫీసు నుంచే నెట్‌లో దాన్ని నడపొచ్చా? …పాత బొమ్మలు తీసేయబోతే, టైపు చేసిన కమాండ్ మధ్యలో పొరపాటున ఓ ఖాళీ పడిందా? …ఒక్క ఖాళీకి ఉన్నవన్నీ ఊడ్చేసిందా? ‘నిజంగా తీసేయమంటావా’ అని ఒక్క మాటైనా అడగదూ? …అడగదా. మీ నాన్నలాంటిదన్నమాట.

ఏడవకు. పక్కన పెట్టావుగా, ఆ నల్ల డబ్బా— …ఆ, బ్యాకప్ డిస్కు. అందులో ఉంటాయిగా? …గంటగంటకీ ఇక్కడ ఎలా ఉంటే అక్కడా అలాగే చేస్తుందా? అంటే ఇక్కడ లేనివి… అక్కడా తుడిచేస్తుందా! అదేం కాపలా తల్లీ, దొంగతో పాటు తనూ మూట కట్టడం?

…వైరు పీకాలా? ఇప్పుడేనా? …అరవకు, వింటున్నాను.

…చిన్నీ, అది… పీకేసే ఉంది.

…పొద్దున నువ్వటు వెళ్ళగానే. చెయ్యి పెడితే జ్వరమొచ్చినట్టు కాలిపోతోంది. పైగా ఎర్ర లైటు వెలుగుతోంది, ఆరుతోంది. నిప్పంటుకుంటే? …బీరువాలో. తువ్వాల్లో చుట్టి, చీరల మధ్య పెట్టాను. …తిట్టు, తిట్టవే. …ఏంటి, మంచి పనా? నన్నేనా అంటున్నావు?

…ఉండు, తెస్తాను. …చల్లారిందిలే. నువ్వక్కణ్ణుంచి ఆ కాపీలు చేసేదాన్ని ఆపుతావా? ఆపాకే చెప్పు. …ఆపావా? ఇంకోసారి చూసుకో. …సరే, పెడుతున్నా. …పట్టడం లేదే. …తిప్పి పెట్టానా? …ఆ, పట్టింది. లైటొచ్చింది. నీకు కనిపిస్తోందా?

…

చిన్నీ?

…

లైను తెగిందా? …తెగలేదు, టకటకలు వినిపిస్తున్నాయి. కాలిపోయిందా? ఆ తువ్వాలు సరిగ్గా ఆరిందో లేదో కూడా చూడలేదు నేను. మాట్లాడు తల్లీ. పోతే పోయిందను, ఏదో ఒకటి అను—

…

ఆ… ఆ, వింటున్నా. …ఉన్నాయా? …నిన్న రాత్రి గీసింది కూడానా?

…ఇప్పుడెందుకే ఏడుపు! ముందు పంపించు, తర్వాత ఏడుద్దువుగాని. పెట్టేస్తున్నాను.