హారన్ బావ రాజధాని ప్రయాణం

"పెద్ద గొప్పేమీ కాదులే," అని మొదలుపెట్టాడు హారన్ బావ.

ఆ మాటతో మొదలైందంటే ఆ సాయంత్రం ఎవరూ తొందరగా ఇల్లు చేరరని టీ కొట్టు అక్కకి బాగా తెలుసు. ఆవిడ మాట్లాడకుండా ఇంకో గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టింది.

హారన్ బావకి అమ్మానాన్న పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ అది ఎవరికీ గుర్తు లేదు. అద్దెకారు నడుపుతాడు. బండి కంటే ముందు గొంతు వినిపిస్తుంది కాబట్టి హారన్ అయ్యాడు, వరస కలిసినా కలవకపోయినా వీధి మొత్తానికి బావ అయ్యాడు. వసంతం వచ్చింది, ఎండలు ఇంకా ముదరలేదు, రాజధానిలో అక్కని చూసి పనిలో పనిగా అక్కడి మ్యూజియాలన్నీ చుట్టేసి వస్తానని ఆ మధ్య ఒక్కడే బండేసుకుని బయల్దేరాడు. ఇవాళ మధ్యాహ్నమే తిరిగొచ్చాడు.

బల్ల చివర కూర్చున్న టైలరుకి మాత్రం మ్యూజియాలతో పని లేదు. మెడలో టేపు కూడా తియ్యకుండా, కొట్టు తలుపు దగ్గరికి వేసి పరిగెత్తుకొచ్చాడు. రాజధానిలో అతని చెల్లెలు ఉంది. ఆమె పెళ్లిబట్టల దగ్గర మొదలైన తగువు మాటా మాటా పెరిగి, రాకపోకలు తెగిపోయి, ఇప్పుడు ఆమె కూతురికి ఎనిమిదేళ్లొచ్చినా మేనమామ అన్నవాడు ఆ పిల్ల మొహం చూసింది లేదు. బావ వెళ్తున్నాడని తెలియగానే టైలరు చేతిలో పనులన్నీ పక్కన పెట్టి మేనకోడలికి గౌను కుట్టాడు. పాత గుడ్డలో మూట కట్టి బావ చేతికిచ్చి, "నువ్వేం మాట్లాడకు బావా. ఇచ్చి పక్కన నిలబడు. ముడి విప్పి చూశాక మా చెల్లెలి మొహం ఎలా ఉందో అది చూసొచ్చి నాకు చెప్పు, చాలు," అని బతిమాలాడు.

ఆ మొహం కబురు కోసమే ఇప్పుడతను వచ్చింది.

"మూట ఇచ్చావా బావా?" అన్నాడు.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా, ముందు దారి చెప్పనీ," అన్నాడు బావ. "మన పొలిమేర దాటానో లేదో రోడ్డుకి రెండు పక్కలా చెట్లు, ఒక్క ఆకు కనపడితే ఒట్టు, అన్నీ పూలే. చిన్న గాలి తోలింది. అద్దం మీద నాలుగు పూలు పడ్డాయి, వైపరు వేశా. ఇంకో నాలుగు పడ్డాయి. కిటికీలోంచి లోపలికి పడటం మొదలైంది, మోకాళ్ల దాకా వచ్చాయి, నడుం దాకా వచ్చాయి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్టీరింగు కనపడలేదు. చేత్తో తడుముకుని గేరు మారుస్తూ, వాసన పట్టుకుని మలుపులు తిప్పుకుంటూ పోయా."

"వాసన పట్టుకునా," అన్నాడు పోస్టు బాబాయి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ దారుల్లోనే సైకిలు తొక్కుతూ ఉత్తరాలు పంచిన మనిషి ఆయన.

"ఎడం పక్క పూలది ఒక వాసన, కుడి పక్క పూలది ఇంకో వాసన బాబాయ్. రెండూ సమానంగా వస్తుంటే రోడ్డు మధ్యలో ఉన్నట్టు లెక్క. ఇందులో ఏముంది? అసలు సంగతి స్పీడు. ముల్లు చివరకంటా పోయి, అక్కడ ఇంక అంకెలు లేక మళ్లీ సున్నా దగ్గరికొచ్చి మొదలెట్టింది. ఎదురుగా లారీ. హారన్ కొట్టా, మోగలేదు. పాడైందేమో అనుకుని లారీని తప్పించా, వంతెన దాటా, ఒక చోట ఆగి టీ చెప్పా. గ్లాసు పెదాల దగ్గర పెట్టుకుంటుంటే వెనకాల నుంచి పాం అని వినిపించింది. ఎవడ్రా అని తిరిగి చూస్తే ఎవరూ లేరు. నేను కొట్టిన హారనే. పాపం అప్పటికి వచ్చి నన్ను అందుకుంది."

గరిటె తిప్పుతున్న అక్క చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా ఉంది. మా అక్క తలుపు తీసి ఏమందో తెలుసా? 'అదేంట్రా, బయల్దేరుతున్నానని ఇప్పుడే కదా ఫోన్ చేశావు' అంది. చూద్దును కదా, ఫోను ఆమె చెవి దగ్గరే ఉంది. అందులో నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నా."

"దేవుడా," అంది టీ కొట్టు అక్క మెల్లగా.

టైలరు బల్ల మీద ముందుకు జరిగాడు. "మా చెల్లెలి ఇల్లు మీ అక్కా వాళ్లకి దగ్గరే కదా బావా."

"రెండు వీధులు. అబ్బ, చెప్తాగా, ఉండు. వరసలో చెప్పకపోతే నాకే కలగాపులగమైపోతుంది." బావ అతని వైపు చూడకుండా బాబాయి వైపు తిరిగాడు. "మర్నాడు మ్యూజియం. ఒక పెద్ద హాలు, గోడల నిండా బొమ్మలు. ఒక దాంట్లో రాజు, ఒక దాంట్లో గుర్రం, ఒక దాంట్లో రాణి అద్దం చూసుకుంటోంది. కింద గీసినవాడి పేరు చదివితే అన్నిటికీ ఒకటే పేరు, అజ్ఞాత. ఈ గదిలో అజ్ఞాత, ఆ గదిలో అజ్ఞాత. ఎంత పనిమంతుడో ఆలోచించండి. ఇలాంటివాడిని చూడకుండా వస్తే ఎట్లా అని అడ్రసు కనుక్కుని ఇంటికే వెళ్లా. పెద్దాయన, మంచం మీదున్నాడు. నన్ను చూడగానే లేచి కూర్చుని, 'ఇన్నాళ్లకి నాకో మొహం దొరికింది' అని కుంచె అందుకున్నాడు."

పోస్టు బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఒరేయ్, అజ్ఞాత అంటే మనిషి పేరు కాదురా. ఎవరు గీశారో ఎవరికీ తెలియదని అర్థం."

బావ కళ్లు ఒక్క క్షణం టపటపలాడాయి. ఒక్క క్షణమే.

"నేను చెప్పేదీ అదే కదా బాబాయ్. ఎవరికీ తెలియదు. నాకొక్కడికే తెలుసు."

పోస్టు బాబాయి నివ్వెరపోయి చూశాడు.

"సరే, అక్కణ్ణుంచి మళ్లీ మ్యూజియానికి వచ్చా. కాళ్లు పీకేస్తున్నాయి. లోపలి గదిలో సింహాసనం ఒకటి ఖాళీగా కనపడితే కాసేపు కూలబడ్డా. కాపలావాడొచ్చాడు. తిడతాడనుకున్నా. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్దాఫీసరొచ్చి నా చుట్టూ తిరిగి చూసి, 'ఈ కుర్చీలో ఏదో లోటుందని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం, ఇదీ ఆ లోటు' అన్నాడు. నేను లేచేలోపు చుట్టూ అద్దాలు బిగించేశారు. ముట్టుకోరాదని బోర్డు పెట్టారు. జనం బారులు తీరారు. బడిపిల్లల్ని తీసుకొచ్చి, వాళ్ల టీచరు కర్రతో నా ముక్కు చూపించి పాఠం చెప్పింది. అప్పుడొచ్చింది తుమ్ము. ఎంతసేపని ఆపను? తుమ్మాను. పక్క గదిలో ఏనాడో ఆగిపోయిన గడియారాలన్నీ ఒక్క దెబ్బకి గంటలు కొట్టాయి."

"బావా," అన్నాడు టైలరు. గొంతు పెంచలేదు. "మా చెల్లెలు."

ఆ అడిగిన తీరుకి అక్క కూడా తలెత్తి చూసింది. హారన్ బావ ఖాళీ గ్లాసు ఎత్తి తాగాడు, దించాడు. టైలరు మొహంలోకి చూడక తప్పలేదు.

"ఆ అద్దాల్లోంచే కదా చూశా," అన్నాడు. "పిల్లని వేలు పట్టుకుని నడిపించుకుంటూ వస్తోంది. నన్ను గుర్తుపట్టింది. అద్దం తీయించుకుని దిగి మూట చేతికిచ్చా. నువ్వు చెప్పినట్టే ఏం మాట్లాడలేదు. ముడి విప్పింది. గౌను చూసింది. మడత మీద కుట్టు ఉంటుంది చూడు, దాని మీద వేలు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా నడిపించింది. 'మా అన్నయ్య కుట్టు' అంది. అంతే. కళ్లు నిండిపోయాయి."

ఈ మాటలు అతను మామూలు గొంతుతో చెప్పాడు. అందుకేనేమో అందరూ నమ్మారు. టైలరు, చెల్లెలు మూట మొహాన కొట్టిందని వినడానికి సిద్ధపడి వచ్చాడు గానీ ఇది వింటాననుకోలేదు. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియక మెడలో టేపు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ ఎంత బరువు మోశాడో అది దిగాక గానీ తెలియలేదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కానీ ఎదుటివాడు అంత సంతోషపడుతుంటే హారన్ బావకి నోరు ఆగదు.

"పిల్ల ఊరుకుంటుందా? అక్కడికక్కడే తల మీంచి తొడిగేసుకుంది. తొడుక్కుని హాలంతా గిర్రున తిరిగింది. గోడ మీది రాణి అద్దం చూసుకోవడం మానేసి ఇటు తిరిగి పిల్లని చూసింది. నా కళ్లతో చూశా."

టేపు పట్టుకున్న చెయ్యి ఆగింది. "తల మీంచి తొడుక్కుందా?"

"తల మీంచి కాక కాళ్ల మీంచి తొడుక్కుంటారా ఎవరైనా?"

"మెడ బిగుతవ్వలేదు కదా."

"మెడా? నీ పనితనమంతా మెడ దగ్గరే కదయ్యా ఉంది. కొలిచి కోసినట్టు ఎంత గుండ్రంగా కుదిరిందంటే, పెద్దాఫీసరే వంగి చూసి నోరు వెళ్లబెట్టాడు."

టైలరు గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"బావా, పొద్దుగూకినప్పట్నుంచీ ఎన్నో కోతలు కోశావు, అన్నీ విన్నాను. ఆ గౌనుకి మెడ మాత్రం ఇంకా ఎవరూ కోయలేదు."

ఎవరికీ వెంటనే బోధపడలేదు.

"రెండు భుజాలూ కలిపి కుట్టేసి పంపాను. తల దూరే సందే లేదు దానికి," అన్నాడు టైలరు. "చెల్లెలి పెళ్లిబట్టలకి, దాన్ని అడక్కుండా నాకు నచ్చినట్టు మెడ కోశాను. తగువంతా అక్కడే మొదలైంది. ఈసారి అదే వచ్చి, పిల్లని నా ఎదురుగా నిలబెట్టి, ఇలా కొయ్యి అన్నయ్యా అంటే తప్ప కత్తెర పెట్టకూడదనుకున్నా. గౌను చూడగానే దానికి నా మాట అర్థమైపోతుంది. వస్తుందో రాదో మొహంలో తెలిసిపోతుంది. అందుకే మొహం చూసి రమ్మన్నా."

పాలు పొంగి పొయ్యి మీద పడుతున్నా అక్క చూసుకోలేదు. హారన్ బావ నోరు తెరిచాడు, అందులోంచి ఏమీ రాలేదు. వీధిలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూసి ఎరగరు.

"గేరుబాక్సు పోయిందయ్యా," అన్నాడు చివరికి. ఆ గొంతు అతనిది కానట్టే ఉంది. "సగం దారిలోనే. వెళ్లిన కాణ్ణుంచి బండి బాగయ్యే దాకా ఒక షెడ్డులోనే కూర్చున్నా. మా అక్కనీ చూడలేదు, మ్యూజియాన్నీ చూడలేదు. ఆ షెడ్డు గోడకి ఒక క్యాలెండరుంది, నెలకో మ్యూజియం బొమ్మ. అది చూస్తూ కూర్చున్నా. బండి గురించి ఇన్ని చెప్పుకున్నవాణ్ణి, దారిలో ఆగిపోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"మూట?"

"డిక్కీలో భద్రంగా ఉంది. ముడి కూడా విప్పలేదు."

"ఒకసారి విప్పి చూసుకుని ఉండాల్సిందిరా," అన్నాడు పోస్టు బాబాయి. ఎవరూ నవ్వలేదు.

"కుట్టు మీద వేలు నడిపించిందన్నావు," అన్నాడు టైలరు.

"నువ్వలా చూస్తుంటే నోటికొచ్చేసిందయ్యా."

టైలరుకి నాలుగు వాయించాలన్నంత కోపం వచ్చింది. కాసేపైనా తనకి చెల్లెలుంది, కాసేపైనా ఆమె ఆ కుట్టు గుర్తుపట్టింది, అది కూడా వీడు లాగేసుకున్నాడు. తల వంచుకుని మెడలో టేపు తీసి చుట్టడం మొదలెట్టాడు. తల ఎత్తేసరికి మొహం మారింది.

"అయితే కాదని కూడా అనలేదన్న మాట," అన్నాడు.

"ఎవరు?" అంది అక్క.

"మా చెల్లెలు. గౌను చూడందే కాదని ఎలా అంటుంది?" అంటూ లేచాడు. "డిక్కీ తియ్యి బావా. రేపు పొద్దున బస్సుకి నేనే వెళ్తున్నా."

"నేనూ వస్తా," అన్నాడు హారన్ బావ. అందరూ తనవైపే చూస్తుంటే గొంతు తగ్గించాడు. "నిజంగా వస్తా. ఒప్పుకున్న పని కదా."

"రా. కానీ తలుపు నేను కొడతా. మాట నేనే మొదలుపెడతా."

"ఏమని మొదలుపెడతావు?"

టైలరు అప్పటికే డిక్కీ వైపు నడుస్తున్నాడు.

"మెడ ఎలా కోయమంటావని అడుగుతా," అన్నాడు.