కత్తిరించిన కాయిలు

హలో… ఆ, నేనే, ఇవొనెత్‌ని. దుకాణంలోనే ఉన్నాను. చెప్పు ఓస్నీ బావా…

నీళ్లు బాగా కాగుతున్నాయా? సంతోషం. మన లాజెస్ ఊరి చలికి నెత్తిమీదే నీళ్లు కాచిపోసే షవరు ఇస్తే, రెండు వారాలుగా అది దండగ సరుకని ఊరంతా చెప్పుకొచ్చావు. ఇవాళ ఉన్నట్టుండి…

నువ్వే బాగుచేశావా. చూద్దాం. నిన్న నేనిచ్చిన కరెంటు కొలిచే మీటరు ఉందా?… చేతిలోనే ఉందా. వోల్టులు చదువు… రెండు వందల ఇరవై. సరే. ఇప్పుడు దాని పటకారులాంటి దవడ తెరిచి షవరుకి పోయే తీగని పట్టించు… రెండూ కాదు, ఒక్కటే… ఆంపియర్లు ఎంత?

…నలభై?

మళ్లీ చూడు.

…నలభయ్యే.

బావా, షవరు లోపల నీళ్లు కాచే కాయిలును ఏం చేశావు?

…ఏమీ చేయలేదా. అయితే అట్టపెట్టె మీద ఏముందో నేను చెబుతాను. అయిదు వేల అయిదు వందల వాట్లు. దాన్ని రెండు వందల ఇరవైతో భాగిస్తే ఇరవై అయిదు ఆంపియర్లు. నా సరుకు లాగాల్సింది అంతే… లెక్కలు నీకెందుకా? నీ ఇంట్లో పారేది అదే కాబట్టి. విను. వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే కాయిలు కరెంటుని ఎంత అడ్డుకుంటోందో తెలుస్తుంది. నేనిచ్చిన రోజున ఎనిమిది పాయింట్ ఎనిమిది ఓములు. ఇప్పుడు నీ నలభైతో భాగిస్తే… అయిదున్నర.

ఎనిమిది పాళ్లలో మూడు పాళ్లు మాయం. ఎలుక కొరికిందా?

…కొస కాలిపోతే కాస్త కత్తిరించి ముడేశావా. కాస్తా? మీ ఇంట్లో అద్దెకి దిగిన ఎనిమిది మంది కూలీలు ఆపిల్ తోటల్లో కొమ్మలు కత్తిరిస్తుంటే చూసి నీకూ చెయ్యి దురద పెట్టిందా?

…పొట్టిదైతే తక్కువ కరెంటు తాగుతుందనుకున్నావా. ఛీ. అడ్డు తగ్గితే పోటు పెరుగుతుంది బావా. గట్టు నువ్వే తెంపి, నీళ్లు ఆగుతాయని కూర్చున్నావు. రెండు వందల ఇరవైని నలభైతో హెచ్చవేస్తే ఎనిమిది వేల ఎనిమిది వందల వాట్లు.

…వేడి ఎక్కువొస్తే మంచిదేగా అంటావు. నీకు షవరొక్కటే కనబడుతుంది. గోడలోంచి పోయే తీగ కనబడదు. ఆ తీగ నేనే ఇచ్చాను, ముప్పై రెండు ఆంపియర్లకి మించి ఓర్చుకోదు. పైగా అది పోయేది చెక్క పైకప్పులోంచి…

ఉండు.

నలభై లాగుతుంటే నీ ముప్పై రెండు ఆంపియర్ల బ్రేకరు పడిపోవాలి కదా. రోజూ పడిపోతోందని నా దగ్గర ఏడ్చింది నువ్వే. ఇవాళ ఎందుకు పడలేదు?



…మార్చేశావా. ఎంతది పెట్టావు?

…అరవై మూడు.

కాపలా కుక్క అరుస్తోందని దాని మూతి కట్టేశావు. ఏ బుద్ధిలేనివాడు అమ్మాడు నీకు? ఆ ఎదురు దుకాణం వాడేనా? వాడింతే, ఏది అడిగితే అది చేతిలో పెట్టి…

…మా దుకాణమా?

…పొద్దున, నేను పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడా.

ఒక్క నిమిషం. — వల్దీర్. ఇటు చూడు. మా బావకి అరవై మూడు బ్రేకరు నువ్విచ్చావా?… ఇంట్లో తీగ ఎంత లావో అడిగావా?… అడిగాడు కాబట్టి ఇచ్చావు. నన్ను పెళ్లి చేసుకుని పదహారేళ్లు, ఈ కౌంటర్లో పదహారేళ్లు. ఎదురు దుకాణం వాణ్ణి తిడుతున్నాను నేను, సిగ్గులేకుండా.

బావా, ఉన్నావా? మీటరు ఇంకా నలభై చూపిస్తోందా?… అంటే నీళ్లు పారుతూనే ఉన్నాయి. లోపల ఎవరు?

…మా అక్కా? ఎంతసేపైంది?

…అరగంట.

తలుపు కొట్టి కుళాయి కట్టేయమను… రేడియో పెట్టుకుందా, వినిపించుకోదా. సరే. ఇల్లంతా ఏదైనా వాసన వస్తోందా?… పొయ్యి మీద పైన్ గింజలు ఉడుకుతున్నాయా. గింజలు ఉడికితే కాలిన ప్లాస్టిక్ వాసన రాదు బావా.

బ్రేకరు దించు.

…కదలట్లేదా? వేడిగా ఉందా? వదిలెయ్, ముట్టుకోకు. గేటు దగ్గర పెట్టెలో మెయిన్ ఉంటుంది, అది దించు… అక్క తలనిండా నురగుంటే ఉండనీ. చన్నీళ్లు పడితే తిడుతుంది, నా పేరు చెప్పు.

…ఫోను పెట్టకు. కార్డ్‌లెస్సే కదా, పట్టుకునే నడువు. దాని స్టాండు కరెంటు మీదే బతుకుతుంది. మెయిన్ పడితే నీ గొంతు ఆగిపోవాలి, నాకు గుర్తు అదే. చేతులు తుడుచుకున్నావా?… చొక్కాకి తుడువు.

…ఏంటి, పైకప్పు పలక నల్లబడిందా? చూస్తూ నిలబడకు. నడువు.

…కొత్త కాయిలు నేను తెస్తాను. తీగ తెస్తాను. నీ పాత బ్రేకరు పారేయలేదు కదా?… మంచిది. ఆ కత్తెర మాత్రం నాకిచ్చెయ్.

…పెట్టె తుప్పుపట్టిందా. గుద్దు. ఇంకా గట్టిగా.

…నీ నస నాకింకా వినిపిస్తోంది బావా. దించు.

…దించు.

బావా?

హలో?… హలో?

…పోయింది లైను. దించాడు.

వల్దీర్, షట్టరు మూసి నిచ్చెన భుజానేసుకో. ఆ పైకప్పులోకి ఎక్కేది నువ్వే.