లార్డ్ హౌ అరగంట

జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములను నడిపించే తమ రన్‌టైం కొత్త వెర్షన్ సాయంత్రానికల్లా విడుదల కావాలి. ఆస్ట్రేలియాలోని హోబార్ట్ ఆఫీసులో అతను మధ్యాహ్నం తిండికి తెచ్చుకున్న మాంసం కూరిన రొట్టెని ఇంకా కొరకనే లేదు, పక్క సీటులోని సహోద్యోగిని కేక పెట్టింది.

"ఎర్రగా వచ్చింది! టెస్టు ఫెయిలైంది! లేచి రావయ్యా!"

"ఫెయిలైతే ఈ గంతులేంటి మహాతల్లీ? పొద్దున అన్నీ పచ్చగానే ఉన్నాయిగా!"

"ఉండవూ మరి! మన టెస్టులన్నీ సిడ్నీ టైములోనే కదా నడిచేది. ఇప్పుడే ఒక మెషీన్ని లార్డ్ హౌ దీవి టైముకి మార్చా."

"మారిస్తే?"

"వేసవి రాగానే మనం గడియారం గంట ముందుకి తిప్పుతాం. ఆ దీవివాళ్లు అరగంటే తిప్పుతారు. మన రన్‌టైం వాళ్లకి కూడా గంట తిప్పేస్తోంది!"

"అరగంటేనా? ఎక్కడైనా అలా చేస్తారా?"

"చేస్తారు బాబూ, మన దేశంలోనే!"

అతను రొట్టెని పక్కన పెట్టేశాడు.

"ఆగాగు. అక్కడ పడవ షికార్లు నడిపే థెల్మా... టూరిస్టులు మన రన్‌టైం మీద నడిచే ఆమె బుకింగ్ సైటులో టైము చూసుకుని అరగంట ముందే వచ్చి తిడుతున్నారని..."

"మనకి రాసిందే రాసింది, పాపం. ప్రతిసారీ 'మీ గడియారం సరిచూసుకోండి' అని జవాబిచ్చింది ఎవరో?"

"అబ్బా, పొడవకు! విడుదల ఆపేయ్. ఇప్పుడే సరిచేసేస్తా."

"ముందు ఈ టెస్టు మిగతావాటితో కలపనీ. నువ్వు సరిచేసినదాన్ని రేపు ఇంకెవరూ చెడగొట్టకూడదు. పేరేం పెట్టను?"

అతను కీబోర్డు లాక్కుని తనే కొట్టాడు: "థెల్మా గడియారం సరిగ్గానే ఉంది."