కాళ్ళ దారం కోసిన మామ్మ

ఓష్ బజారులో మెమరీ కార్డులు బాగుచేసే కొట్టు ముందుకు ఒక మామ్మ మూడోసారి వచ్చింది. చూడగానే కొట్టువాడు కేకేశాడు.

"మామ్మా! పోయిన వీడియోలన్నీ దొరికాయి!"

"బంగారు చేతులయ్యా నీవి! మా మనవడి కాళ్ళ దారం కోసే పరుగు ఉందా?"

"ఉంది. దానికంత కంగారేంటి?"

"నడక నేర్చే పిల్లాడి కాళ్ళకి దారం కట్టి మేం పరుగెడతాం. పరుగులో గెలిచి దారం ఎవరు కోస్తే పిల్లాడికి వాళ్ళ నడకే వస్తుంది. కోసింది నేను. నాతో పరుగెత్తి ఓడిన మా వియ్యపురాలు, ఆ బూసారా, నేను తొండి చేశానని ఊరంతా చాటుతోంది. ముందు ఆవిడకి పంపు!"

"దొరకగానే ఆవిడకి పంపమని పోయినసారి మీరిచ్చిన నెంబరుకి ఎప్పుడో పంపేశా."

"భలే! ఇప్పుడు నాకూ చూపించు... చూశావా, ముందున్నది నేనే!"

"అవును మామ్మా. మరి మీ చేతిలో ఆ ఎర్ర తలగుడ్డ ఎవరిది?"

"అయ్యో! పంపింది వెనక్కి లాగెయ్ బాబూ!"

"ఆవిడ చూసేసింది, జవాబూ పెట్టింది. రేపు మళ్ళీ పరుగెడదామంటోంది. తలగుడ్డ ఇంట్లోనే పెట్టి వస్తుందట."

"రమ్మను! జడ ఎక్కడికి పోతుంది!"