సోమయ్య ఎత్తు బంగారం

1950, మాఘమాసం. మేడారం జాతరకు పోయే అడవిబాటలో ఒక వాగొడ్డు, మిట్టమధ్యాహ్నం. విప్పిన ఎడ్లబండి నీడన పాలకుర్తి దిక్కు నుంచి వచ్చిన పెంటమ్మ కూర్చుంది. ఆమె ఎదుట, జాతర మనిషిలా వేషం మార్చుకొని వచ్చిన కమ్యూనిస్టు దళం మనిషి భద్రు. పెంటమ్మ కొడుకు సోమయ్యదీ అదే దళం.

“ఒక్కనివే వచ్చినవా బిడ్డ?”

“ఒక్కన్నే అవ్వ.”

“వాడు ఎనుక వస్తాండా?”

“జర కూసోనీ. మంచినీళ్లున్నయా?”

“ఉన్నయ్. ఇగో, తాగు. వస్తాండా అని అడుగుతున్న.”

“సల్లగున్నయ్ నీళ్లు.”

“భద్రూ.”

“వస్తలేడవ్వ. బాటపొంటి మిల్ట్రోళ్లున్నరు. బండి బండి ఆపుతున్నరు. సోమన్న మొఖం వాళ్లకెరుకే. నేనైతె తండ మనిషిని, నన్నెవలు చూస్తరు. నుదుటికి ఇంత పసుపు రాసుకొని జాతరోళ్ల నడుమ నడుసుకుంట వచ్చిన.”

“వస్తలేడంటె, ఉన్నడన్నట్టా?”

“ఉన్నడు.”

“ఉన్నడా?”

“ఉండక యాడికి పోతడవ్వ. చెల్పూరు అడివిల ఉన్నడు.”

“మల్లొకసారి చెప్పు.”

“చెల్పూరు అడివిల ఉన్నడు.”

“అడివి మాట కాదు. ముంగటి మాట.”

“ఉన్నడు.”

“ఆఁ.”

“గట్ల పరేషాన్ కాకు. నీకు గుండెదడని సోమన్న చెప్తుండె. కుక్క మొరిగితె లేచి కూసుంటవట గద.”

“మొరిగితె, ఎవలొచ్చిన్రో అని. మొరగకుంటె, కుక్కనెందుకు చంపిన్రో అని. బువ్వ ముంగట పెట్టుకుంటె ముద్ద దిగకపోవు. తలుపుకు గడె పెట్టిన్నా లేదా అని లేచి చూసుడు, మల్లొచ్చి పండుడు, మల్లా లేచుడు. ‘నీకు దొర భయం పోతె మిల్ట్రీ భయం, అది పోతె ఇంకొకటి తెచ్చుకుంటవవ్వ’ అని నవ్వుతుండె వాడు.”

“ఇప్పుడెట్లున్నది మరి?”

“ఇప్పుడు లేదు.”

“తగ్గిందా?”

“పుష్యమాసంల పోయింది. ఒక్కనాటితోటి పోయింది. లోపట సప్పుడే లేదు. కొట్టుకుంటాందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకుంటున్న.”

“మంచిదే గద. మేడారం తల్లి నీ మొర ఇన్నదనుకో.”

“నువ్వంటున్నవా గా మాట? మీ సంగపోళ్లకు దేవుళ్లు లేరంటరు గద.”

“మాకు లేరు. నీకున్నరు. నీ కోసమన్న.”

“వాడు గుడ గట్లనే అంటడు. ‘దేవుడుంటె దొర ఎందుకుంటడవ్వ’ అంటడు. అననీ, నేను మొక్కుత.”

“వదినె బాగున్నదా?”

“కోడలు సత్తమ్మనా? బొట్టు పెట్టుకొనే ఉన్నది. గాజులేసుకొనే ఉన్నది.”

“గట్ల చెప్తవేంది?”

“నువ్వడిగితివి, నేను చెప్పిన. జర తల దించు. ఎవలో వస్తాన్రు.”

“బండ్లోళ్లే. కోళ్లు, మేకపిల్ల ఉన్నయ్.”

“పోనీ. పోయిన్రా?”

“పోయిన్రు.”

“నా కబురు అందింది గద మీకు?”

“గొర్లకాపరి చెప్పిండు. సోమన్న ఎత్తు బెల్లం మొక్కుకున్నవు, గీ వాగుకాడ దుకాణం పెడ్తరు, తూకానికి పంపుమన్నవు అని.”

“బెల్లమనకు. బంగారమను. తల్లికిచ్చేది బంగారమే.”

“బంగారమే.”

“దుకాణపాయన పొద్దటిసంది అడుగుతాండు. కాంట కట్టి పెట్టిన, మనిషేడవ్వ, అని. వస్తాండు, వస్తాండు అనుకుంట కూసున్న. ఇప్పుడు మనిషి లేకుంట తూకమెట్ల?”

“తూకం నేను తెచ్చిన. వడ్ల బస్తకు జర తక్కువ.”

“గంతేనా?”

“గంతే.”

“ఇంట్లకెల్లి పోయిన నాడు బస్త కంటె ఎక్కువే ఉండె.”

“అడివిల తిండేది? బక్కవడ్డడు.”

“తింటలేడా?”

“తింటాండు.”

“ఇప్పుడే తిండి లేదంటివి.”

“ఉన్ననాడు తింటమవ్వ. లేనినాడు లేదు.”

“వాడు పాలు తాగే పోరడప్పుడు అమ్మవారు పోసింది. ఒళ్లంత పొక్కులు, కండ్లు తెరవకపోవు. అప్పుడు గుడ ఎత్తు బంగారం మొక్కుకున్న. తల్లి బతికిచ్చింది. తూస్తె ఎంతైంది? నా రెండు చేతులల్ల పట్టింది. అదంత ఒక ముద్ద. నవ్వుకుంట మోసుకపోయిన గద్దె దాక.”

“నిన్ను మొక్కొద్దని మేమంటమా అవ్వ.”

“ఎవలు తూసిన్రు వాన్ని?”

“మేమే. ఒక దొర గడీల వడ్లు పంచినం. ఆడ కాంట దొరికింది. సోమన్నను కూసోవెట్టినం. ‘తుపాకి పట్టుకొని కూసుంట, మా అవ్వ తల్లికి ఇంకింత బంగారం పోస్తది’ అన్నడు. అందరం నవ్వినం.”

“అన్నడా? గట్లనే అంటడు. గట్లనే అంటడు వాడు. తుపాకి పట్టుకున్నడా మరి?”

“పక్కకు పెట్టిండు.”

“చెప్పులు?”

“ఇడిసిండు.”

“వాడు గుడ నవ్విండా?”

“నవ్విండు.”

“ముంగటి పండ్ల సందు కనవడిందా?”

“కనవడింది.”

“మొన్ననేనా గిది?”

“మొన్ననే. మాఘం వచ్చినంక.”

“గడీలల్ల మిల్ట్రీ క్యాంపులు పెట్టిన్రంటరు గద బిడ్డ.”

“అది... అంటె...”

“క్యాంపు లేని గడీ ఉన్నదేమో.”

“ఆఁ. ఉన్నది. అడివి పక్కన.”

“ఉంటది. అన్నిట్ల యాడ పెడ్తరు. వడ్లు గుడ దొర దాసుకున్నయై ఉంటయ్.”

“దాసుకున్నయే.”

“ఆఁ. గట్ల చెప్పు. గట్ల సక్కగ చెప్పు. తడవడకు.”

“అవ్వ, నేనింక పోతనే. ఎక్కువసేపు కూసోరాదు.”

“కూసో. ఇగో గొంగడి. కొత్తది. వానికియ్యి.”

“నీ తాననే ఉంచవ్వ.”

“ఎందుకు? అడివిల సలి లేదా?”

“ఉన్నది. మోసుడు కష్టం.”

“గొంగడి మోసుడు కష్టమా?”

“లేదు. ఇటియ్యి. ఇయ్యి, తీస్కపోత.”

“నీకమ్మ ఉన్నదా భద్రు?”

“ఉన్నది. తారి అంటరు. మానుకోట దిక్కు మా తండల ఉన్నది.”

“ఆమె మొక్కుతదా?”

“మొక్కుతది. నేను పోవద్దంట.”

“పోవద్దనా, మొక్కొద్దనా?”

“ఇంటికి పోవద్దంట. పోతె మిల్ట్రోళ్లు ఆమెను కొడ్తరు.”

“ఒకటడుగుత. నమ్మి మొక్కాల్నా, మొక్కినంక నమ్మాల్నా?”

“నన్నడుగుతవేందవ్వ.”

“ఇంకెవలన్నడుగుత? పూజారినడిగితె తిడ్తడు. నేను నమ్మి మొక్కలే. చేతులైతె జోడిచ్చిన. లోపట ఒకామె ఉన్నది, నా అసొంటిదే. నీ మాట ఎవలింటరే, పిచ్చిదానా, అనుకుంటనే ఉండె. బండి కట్టినప్పుడు గుడ అన్నది. దారిపొంటి అనుకుంటనే వచ్చింది. నువ్వు కనవడి ఉన్నడన్నంక గప్పుడు జర నోరు మూసింది. ఇప్పుడు సగం నమ్మిన.”

“సగం చాలు.”

“చాలది. సగం నమ్మి మొక్కు చెల్లిస్తె తల్లి సగమే ఇస్తది. సగం కొడుకును నేనేం చేసుకోను?”

“నేనేం చెయ్యాలె మరి?”

“గీ పసుపు పట్టు.”

“ఎందుకు?”

“చేతుల పట్టుకొని, తల్లి తోడు ఉన్నడను. ఒక్కసారి అను. దుకాణపాయన్ను పిలుస్త, బస్తకు జర తక్కువ తూయమంట, బండి కడ్త, పోత. నిన్ను మల్ల సతాయించ.”

“చెప్పిన గద.”

“చెప్పినవ్. పసుపు పట్టుకొని చెప్పు.”

“మాకు గీ ఒట్లు, గివి లేవవ్వ.”

“లేకపాయె. లేని తల్లి మీద ఒట్టేస్తె నీకేం పాయె?”

“అవ్వ...”

“చెయ్యి చాపు. ఎనుకకు గుంజుకుంటవేంది?”

“దడ. నాకు గుడ దడ ఉన్నది.”

“ఎప్పటిసంది?”

“పుష్యం సంది.”

“పట్టు బిడ్డ. ఇంత పసుపే గద.”

“పట్టలేను.”

“దేవుడు లేడంటివి.”

“లేడు. అయినా పట్టలేను. నన్నడుగకవ్వ.”

“వడ్ల బస్తకు జర తక్కువ అంటివి. అది గుడ అబద్దమేనా?”

“అది నిజం.”

“గడీ లేదు, కాంట లేదు. బరువు నీకెట్ల ఎరుక?”

“నేను మోసిన.”

“ఏందీ?”

“నేనే మోసిన అవ్వ. బచ్చన్నపేట గుట్ట మీదికెల్లి కిందికి దిగేదాక నా భుజం మీదనే ఉండె.”

“పానంతోనేనా?”

“మొదలు పానంతోనే. తొడల తాకింది తూటా. మాట్లాడుకుంటనే వచ్చిండు. ‘జర దించు భద్రు, అలిసినవ్’ అన్నడు. నేను ఆగలే. ఇంక జర దూరం పోయినంక మాట్లాడలే. గప్పుడు గుడ ఆగలే. దించితె చూడాల్సొస్తదని ఆగలే.”

“నన్నేమన్న అన్నడా?”

“ఇంకో అబద్దం చెప్ప అవ్వ. నీ మాట రాలే. నీళ్లడిగిండు.”

“ఇచ్చినవా?”

“గుట్ట మీద నీళ్లేడియి? వాగుకాడికి పోదామంటి. పోలే.”

“ఊఁ.”

“మిల్ట్రోళ్లు ఎనుక తగిలిన్రు. ఒక చెట్టు కింద పండవెట్టి మోదుగాకులు కప్పిన. పిడికెడు మట్టి వెయ్యలే. తెల్లారి నక్కి నక్కి పోయి చూస్తె ఆకులే ఉన్నయ్, ఆయన లేడు. తర్వాత నీ కబురొచ్చింది. పోవద్దన్నరు దళంల. ఆమెకెరుకైతె ఒర్లుతది, అది మిల్ట్రోళ్ల చెవుల పడ్తది అన్నరు. నాకు పానం నిలవలే. తూకమే గద అడిగింది, తూకం చెప్పి వస్త, మొక్కు తీర్సుకొని నిమ్మళంగ ఇంటికి పోతది, ఇంకొన్నాళ్లన్న కొడుకున్నడనుకొని బువ్వ తింటది అనుకున్న.”

“నువ్వు చెప్తున్నంతసేపు ఉండె బిడ్డ. కాంట మీద కూసోనే ఉండె.”

“నన్ను తిట్టు అవ్వ. రెండు కొట్టు.”

“నిన్నెందుకు కొడ్త? మోసినవ్.”

“మరి ఏడువన్న ఏడువు. బండ్ల సప్పుడున్నది, డప్పులున్నయ్, ఎవలు ఇనరు.”

“వస్తలేదు. గా దినం ఆపిన. మల్ల రాలే.”

“ఏ దినం?”

“జుట్టుల ఇంక ఆకుముక్కలు ఉండె. ఎవలో కప్పిన్రు, ఎవలో నా అసొంటి తల్లి కన్నోడు కప్పిండు అనుకున్న.”

“ఎవల జుట్టులవ్వ? ఏమంటున్నవ్?”

“మిల్ట్రోళ్లు లారీల ఏసుకొని ఊరూరు తిప్పిన్రు. మా ఊర్ల చావడి ముంగట దించిన్రు. అందర్ని పిలిచి, ఎవని కొడుకో చెప్పుమన్నరు. అవునంటె గుడిసెలు కాలవెడ్తరు. మీకు బువ్వ పెట్టినోళ్లందర్ని కట్టుకపోతరు. సత్తమ్మ ఎనుకకెల్లి నా కొంగు పట్టుకున్నది. ముంగటికి పొమ్మన్నరు, పోయిన. మొఖమంత ఉబ్బింది. వాడే అనిపిచ్చింది. వాడు కాదేమో అని గుడ అనిపిచ్చింది. కండ్లార చూసి, కాదన్న.”

“నీకెరుకేనా? అంత చూసి గుడ... మరి గీ మొక్కేందవ్వ? సోమన్న పానంతో ఉన్ననాడు ఎన్నడో మొక్కుకున్నవు, తీర్సనీకి వచ్చినవు అనుకుంటిమి.”

“లేదు బిడ్డ. వాని ముంగట నిలవడే మొక్కిన. మీదికి నా కొడుకు కాదన్న. లోపట, నా మాట నిజం జెయ్యి తల్లి, వీడు వాడు కాకుంట జెయ్యి, వాని ఎత్తు బంగారం నీకిస్త, అన్న.”