రెండో గడి

మెడికల్ కాలేజీ ల్యాబులో బల్ల మీద ఒక గాజుసీసా ఉంది. దానికి అటువైపు ల్యాబు అధికారి, ఇటువైపు నాలుగేళ్ల కిందట ఆ కాలేజీ ఆసుపత్రిలోనే చనిపోయినామె కూతురు.

“మా అమ్మ గుండె మీ దగ్గరుందని ఇప్పుడా ఉత్తరం రాసేది?”

“మొన్న తనిఖీలో బయటపడింది మేడమ్. చట్టప్రకారం మీకు చెప్పాలి.”

“నాలుగేళ్లూ ఆ చట్టం గాడిదలు కాసిందా?”

“మాకు లైసెన్సుందండీ. అదిగో, గోడకి ఫ్రేము కట్టించి పెట్టాం.”

“సీసాలు దాచుకోడానికి లైసెన్సుంది సరే. మా అమ్మని దాచుకోమని ఎవరన్నారు?”

“ఫారం మీద మీ సంతకం ఉంది.”

“అందులో గడులు రెండు. పోస్టుమార్టానికి సరేనని మొదటిదాంట్లో టిక్కు పెట్టాను. పాఠాలకి ఉంచుకోవచ్చా అన్నదాన్ని ఖాళీగా వదిలేశాను. ఇంతమందికి చదువు చెప్తారే, ఖాళీ గడి చదవడం రాదా?”

“ఖాళీ అంటే అభ్యంతరం లేదనుకున్నారు మావాళ్లు.”

“తలుపు తీసుంటే బీరువా ఎత్తుకుపోయే రకమన్నమాట! ఇలా ఇవ్వండి, తీసుకెళ్తాను.”

“ఊరికే ఇవ్వకూడదు మేడమ్. ఈ ఫారం నింపాలి.”

“ఏంటిది?”

“తీసుకెళ్లడానికి మీ సమ్మతి పత్రం.”

ఆమె సీసాను రెండు చేతులా ఎత్తి గుండెలకు హత్తుకుంది.

“ఖాళీగా వదిలేస్తున్నా. అభ్యంతరం లేదనుకోండి. మీకలవాటేగా!”